ఇంట్లోనే పూసల కమ్మలు, జత తప్పకుండా

నేను చేసిన మొదటి జత కమ్మలు జత కాలేదు. కుడిచెవిది ఎడమచెవి దానికంటే మూడు మిల్లీమీటర్లు పొడుగొచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా బందరులో గడియారాలు బాగుచేసినవాణ్ణి, వెంట్రుక మందం తేడా పట్టేస్తానని పేరున్నవాణ్ణి. అయినా మూడు మిల్లీమీటర్లు ఎలా వదిలేశానో! మా మనవరాలు అవి పెట్టుకుని కాలేజీలో ఫ్రెషర్స్ డేకి వెళ్లింది. సాయంత్రం వచ్చి, "తాతయ్యా, ఫొటోల్లో తల అలా వంచావేంటే అని అందరూ అడుగుతున్నారు. నేను వంచలేదు, నీ కమ్మలే వంకర" అంది.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ రాత్రే తెలిసింది. ఒకటి పూర్తిగా చేసేసి, కాఫీ తాగొచ్చి, రెండోది మొదలుపెట్టాను. ఆ కాస్త విరామంలో చేతి వాటం మారిపోయింది. అప్పటినుంచి ఒకే పద్ధతి పెట్టుకున్నాను. ఏ పని చేసినా రెండింటికీ వెంటవెంటనే చెయ్యాలి. ఒక పిన్ను వంచితే, రెండో పిన్ను కూడా వంచాకే తర్వాతి పనికి వెళ్లాలి. మిగతావన్నీ ఓపికుంటే వచ్చేస్తాయి.

ముందు సామాను సంగతి. మాకు చిలకలపూడి పక్కనే కాబట్టి కొక్కేలు, పిన్నులు, రింగులు, పూసకు టోపీలా కూర్చునే క్యాపుల కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. పాండురంగస్వామి గుడికి వచ్చేవాళ్లు తిరుగు ప్రయాణంలో రోల్డ్ గోల్డ్ నగలు కొనుక్కెళ్లడం నా చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. హైదరాబాదులో ఉన్నవాళ్లు బేగంబజారుకి గానీ జనరల్ బజారుకి గానీ వెళ్తే అన్నీ ఒకేచోట దొరుకుతాయి. షాపులో మూడు పేర్లు చెబితే చాలు. ఒక కొసన గుండుసూది తలలాగా ఉండేది హెడ్ పిన్. ఒక కొసన చిన్న వలయం ఉండేది ఐ పిన్. తీగతో చేసిన చిన్న ఉంగరం లాంటిది జంప్ రింగ్. పిన్ను అయిదు సెంటీమీటర్ల పొడవున్నది, తీగ మందం 22 గేజ్ దగ్గర ఉన్నది తీసుకోండి. అంతకంటే సన్నదైతే వలయం నాలుగు రోజుల్లో విచ్చుకుంటుంది. లావుదైతే ముత్యాల రంధ్రంలో దూరదు.

పూసలకు నంబర్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. గడియారం మేకులు కూడా పెద్దవి చిన్నవి అని చూసి అలవాటైన నాకు ఈ తిరగేసిన లెక్క మొదట్లో తికమక పెట్టింది. 8 నంబరు పూస దాదాపు మూడు మిల్లీమీటర్లు, 11 నంబరుది దాదాపు రెండు. కొత్తవాళ్లు 8తో మొదలుపెట్టండి. 11తో మొదలుపెడితే ఒక సాయంత్రం కళ్లు మంటపెట్టుకుని, పెట్టె మూసి అటక మీద పడేస్తారు.

రెండు కమ్మలూ ఒకేలా రావాలంటే పని చెయ్యి దగ్గర కాదు, పూసల దగ్గరే మొదలవుతుంది. శ్రీకాళహస్తి దర్శనానికి వెళ్లినప్పుడు ఆ దగ్గర్లోని పాపానాయుడుపేటలో గాజుపూసలు చేసే పని చూశాను. కొలిమిలో కరిగిన గాజుముద్దను ఇనుపగొట్టానికి పట్టించి, దాన్నుంచి సన్నటి గాజుగొట్టాన్ని చేత్తో లాగుతూ పోతారు. ఆ గొట్టాలను చిన్నచిన్న ముక్కలు చేసి, బూడిదలో కలిపి మళ్లీ వేడి చేస్తారు. అప్పుడు పదునుగా ఉన్న అంచులు కరిగి గుండ్రబడతాయి. బూడిద ఉండటంవల్ల రంధ్రం పూడుకుపోదు, పూసలు ఒకదానికొకటి అంటుకోవు. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో బయటపడ్డ పాతకాలపు గాజుపూసలు కూడా చాలావరకు ఇలా లాగిన గొట్టాలనుంచి కోసినవే. చేత్తో లాగే గొట్టం ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా రావడం సహజం. అందుకే ఒకే పొట్లంలో పూసలు కూడా ఒకదానిపక్కన ఒకటి పెడితే తేడా కనబడుతుంది. జపాన్ పూసలు అచ్చుపోసినట్టు ఉంటాయి గానీ ఖరీదెక్కువ. నేను మన పూసలే కొని ఏరుకుంటాను.

ఏరడానికి నా పద్ధతి ఇది. ఒక స్టీలు పళ్లెంలో తెల్ల తుండుగుడ్డ పరిచి దానిమీద పూసలు పోయండి. గుడ్డ లేకపోతే పూస పళ్లెంలోంచి ఎగిరి మంచం కిందికి పోతుంది, అంతే సంగతులు. రెండు సూదులు తీసుకుని ఒక్కోదానికి పది పూసలు గుచ్చి, రెండు సూదులనూ పక్కపక్కన పెట్టి వెలుగుకు ఎదురుగా చూడండి. వరసలు ఒకే పొడుగుంటే సరే. లేదంటే పొడుగు వరసలో లావుపాటి పూస ఒకటి తీసేసి సన్నది వెయ్యండి. పళ్లెం పక్కన చిన్న గిన్నె పెట్టి వంకర పూసలు, రంధ్రం పూడినవి అందులో వేస్తూ పోండి. అవి పారేయక్కర్లేదు, పిల్లలు బొమ్మలకు వాడుకుంటారు.

రంగు పరీక్ష కూడా చెయ్యండి. ఒకటి రెండు పూసలను నెయిల్ పాలిష్ రిమూవర్‌లో కాసేపు వేసి తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు రంగు అంటితే అది పైన పూసిన రంగే. అలాంటివి చెమటకు, సెంటుకు వెలిసిపోయి మెడ మీద మరక చేస్తాయి. గాజులోనే రంగు ఉన్న పూసకు ఏమీ కాదు.

నల్లపూసల విషయంలో మాత్రం ఇంట్లోవాళ్లను అడిగి ముట్టుకోండి. మా ఆవిడ గొలుసు మార్పించినప్పుడు మిగిలినవి కుంకుమభరిణ పక్కన చిన్న డబ్బాలో ఉంటే, బాగున్నాయి కదా అని తీయబోయాను. "ఏమండీ, మెళ్లో వేసుకునేవి చెవులకు పెడతారా ఎవరైనా?" అని డబ్బా లాక్కుంది. నేను బజారునుంచి వేరే నల్లవి తెచ్చుకున్నాను.

పనిముట్లు మూడే. గుండ్రటి మూతి ఉన్న ప్లయర్, చదును మూతి ప్లయర్, చిన్న కట్టర్. ఎలక్ట్రీషియన్ వాడే ప్లయర్‌కి లోపల పళ్లుంటాయి, తీగ మీద గాట్లు పడతాయి. కొత్తది కొనేదాకా ఆ పళ్లకు టేపు చుట్టి నడిపించండి. గుండ్రటి మూతి ప్లయర్ కొస దగ్గర సన్నగా, మొదట్లో లావుగా ఉంటుంది కాబట్టి ఎక్కడ పట్టుకుంటే ఆ సైజు వలయం వస్తుంది. నా మొదటి జతలో మూడు మిల్లీమీటర్లూ ఇక్కడే పోయాయి. ఒకసారి కొస దగ్గర పట్టుకున్నాను, ఒకసారి మధ్యలో. ఇప్పుడు ప్లయర్ మూతి మీద మార్కర్ పెన్నుతో గీత గీసుకున్నాను. ప్రతి వలయమూ ఆ గీత మీదే. గీత చెరిగిపోతుంటే మళ్లీ గీస్తాను.

ఇక మొదటి జత. వేలాడే రకం, పిల్లలు హ్యాంగింగ్స్ అంటారు. దీనికి రెండు కొక్కేలు, రెండు హెడ్ పిన్నులు, ఎనిమిది మిల్లీమీటర్ల పూసలు రెండు, నాలుగు మిల్లీమీటర్లవి నాలుగు, కావాలంటే నాలుగు క్యాపులు. హెడ్ పిన్నుకు చిన్నపూస, క్యాపు, పెద్దపూస, క్యాపు, చిన్నపూస ఈ వరసలో ఎక్కించండి. రెండో పిన్నుకు కూడా ఎక్కించండి. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి ఒకసారి చూసుకోండి.

పూసల పైన మిగిలిన తీగను పూసకు ఆనించి వేలితోనే ఒక పక్కకు, మూలమట్టంలా వంచండి. వంపు సరిగ్గా పూస రంధ్రం మీద రావాలి. ఎడం ఉంటే పూస గలగలలాడుతుంది. వంచిన తీగను తొమ్మిది, తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు ఉంచి మిగతాది కత్తిరించండి. ఆ లెక్క ఎందుకంటే, మూడు మిల్లీమీటర్ల వలయం చుట్టుకొలత దాదాపు తొమ్మిదిన్నర వస్తుంది. కత్తిరించేటప్పుడు రెండో చేతి వేలు ఆ కొస మీద అడ్డం పెట్టండి. తెగిన ముక్క తుపాకీ గుండులా ఎగురుతుంది. నాకు కళ్లజోడు ఉంది కాబట్టి బతికిపోయాను.

ఇప్పుడు తీగ కొసను ప్లయర్ మూతిలో, గీత గీసిన చోట పట్టుకోండి. ప్లయర్ మూతి దాటి కొస ఏమాత్రం బయటికి రాకూడదు. వేలితో తడిమితే తెలుస్తుంది. కొస బయటికుంటే వలయం చివర తిన్నటి తోక మిగిలిపోయి సున్నా సున్నాలా ఉండదు. పట్టుకుని, మణికట్టును అవతలి వైపుకి, పూస మీదికి తిప్పండి. ఒక్క ఊపులో తిప్పేయాలని చూడకండి, మణికట్టు అంత తిరగదు. సగం తిప్పి, పట్టు వదిలి, ప్లయర్‌ని వెనక్కి తెచ్చి అదే చోట మళ్లీ పట్టుకుని మిగతా సగం తిప్పాలి. కొస వచ్చి మెడకు, అంటే పూస మీద తీగ వంచిన చోటుకు, తగలగానే ఆగండి. వలయం పూసకు సరిగ్గా నడినెత్తిన, కాడ మీద నిమ్మకాయలా నిలబడాలి. పక్కకు ఒరిగితే ప్లయర్ ఒక మూతిని వలయంలో పెట్టి మెడ దగ్గర కాస్త వెనక్కి నొక్కితే మధ్యకు వస్తుంది. వెంటనే రెండో పిన్ను తీసుకుని, చెయ్యి అదే వాటం మీద ఉండగానే చేసేయండి.

మొదటి పది వలయాలూ బాగా రావు. పూసలు లేకుండా ఉత్త తీగ మీద ఓ పాతిక చేసి చూడండి. రాగితీగ చవగ్గా దొరుకుతుంది, పాత కరెంటు వైరు ఒలిచినా వస్తుంది.

వలయాన్ని కొక్కేనికి తగిలించేటప్పుడు చాలామంది చేసే పొరపాటు, రెండు కొసలనూ కుడికొకటి ఎడమకొకటి విడదీయడం. అలా లాగితే గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారం వస్తుంది, మళ్లీ ఎంత నొక్కినా మొదటిలా కలవదు. తలుపు తీసినట్టు తియ్యాలి. ఒక కొసను మీ వైపుకి, ఒక కొసను అవతలికి తిప్పి, కొక్కెం తగిలించి, వచ్చిన దారినే వెనక్కి మూసేయాలి. మూసేటప్పుడు కొసను అసలు చోటు దాటించి వెంట్రుకవాసి అటు తీసుకెళ్లి, మళ్లీ వెనక్కి తెస్తే సన్నగా 'టిక్' మంటుంది. అంటే పట్టు కుదిరిందని. జంప్ రింగులకూ ఇదే.

బరువైన రాయిపూస, పెద్ద ముత్యం వాడితే ఈ మామూలు వలయం సరిపోదు. తీగ నాలుగు సెంటీమీటర్లు ఉంచి, పూస పైన రెండు మిల్లీమీటర్ల మెడ వదిలి వంచి, వలయం చేశాక మిగిలిన తీగను ఆ మెడకు రెండు మూడు చుట్లు చుట్టి కత్తిరించాలి. అది ఇక విచ్చుకోదు, విప్పడమూ కుదరదు. కొక్కేన్ని చుట్టకముందే తగిలించాలని గుర్తుంచుకోండి. నేను రెండుసార్లు మరిచిపోయాను.

కొక్కేల దగ్గర కాస్త ఆగాలి. మనవరాలికి చేసిన మూడో జత అందంగా వచ్చింది గానీ, రెండో రోజుకి చెవితమ్మెలు ఎర్రబడి నీరు కారాయి. ఆ కొక్కేలు ఒక షాపులో చవగ్గా వస్తున్నాయని నేనే వంద తెచ్చాను. చూపించుకుంటే డాక్టరమ్మ, నికెల్ పడటం లేదు, మామూలే ఇది, చాలామందికి ఉంటుంది అంది. పైన బంగారు పూత ఉన్నా చెమటకు అది అరిగిపోతే అడుగు లోహం చర్మానికి తగులుతుంది. కొక్కేనికి రంగులేని నెయిల్ పాలిష్ పూస్తే సరిపోతుందని ఇరుగుపొరుగు చెబుతారు. పూశాం. నాలుగు రోజులు ఆగింది, తర్వాత పొట్టు రాలినట్టు రాలిపోయింది. అప్పటినుంచి ఆ పిల్లకు చేసేవాటికి వెండి కొక్కేలే. 92.5 వెండిలో మిగతా ఏడున్నర పాళ్లు సాధారణంగా రాగి ఉంటుంది, ఆ పిల్లకు దానితో ఇబ్బంది రాలేదు. టైటేనియం కొక్కేలు కూడా దొరుకుతాయి, నికెల్ పడనివాళ్లకు అవీ మంచివే. కొత్తగా చెవులు కుట్టించుకున్న పిల్లలకు మాత్రం పుండు పూర్తిగా మానేదాకా ఇలాంటివేవీ పెట్టకండి.

వెండి కొక్కెం ఇంట్లోనే చేసుకోవచ్చు. 0.8 మిల్లీమీటర్ల వెండితీగ కంసాలి దగ్గర కొని, నాలుగున్నర సెంటీమీటర్ల ముక్కలు రెండు సమానంగా కత్తిరించండి. ఒక్కోదానికి ఒక కొసన చిన్న వలయం చుట్టండి. తర్వాత రెండు తీగలనూ పక్కపక్కన కలిపి పట్టుకుని, స్కెచ్ పెన్ను మీద ఒకేసారి వంచేయండి. రెండూ ఒక్క వంపులో వస్తాయి కాబట్టి కవలల్లా ఉంటాయి. చెవిలోకి వెళ్లే కొసను నీళ్లకాగితంతో, అంటే నున్నటి ఎమరీ పేపరుతో, గుండ్రంగా రుద్దాలి. మీ పెదవి మీద రాసి చూడండి. గీరుకుంటే ఇంకా రుద్దాలని. తర్వాత స్పిరిట్‌తో తుడవడం మరవద్దు.

రెండో రకం దారంతో అల్లేది. త్రికోణం, దాని కింద కుచ్చులు. చూడ్డానికి కష్టంగా కనిపిస్తుంది గానీ ఇటుకల గోడ కట్టడమే. ఒక్కో కమ్మకు 8 నంబరు పూసలు 63 పడతాయి. దారం పూసలు గుచ్చే నైలాన్‌ది ఒకటింబావు మీటరు, సన్నటి పూసల సూది ఒకటి. చేపల గాలానికి వాడే నైలాన్ వాడొద్దు, కుచ్చులు వెదురుపుల్లల్లా నిలబడిపోతాయి. బందరువాణ్ణి కదా, మొదట అదే వాడాను.

ముందు పునాది వరస, ఆరు పూసలు. రెండు పూసలు ఎక్కించి, సూదిని మొదటి పూసలోంచి మొదట వెళ్లిన దిశలోనే మళ్లీ పోనివ్వండి. లాగితే రెండూ భుజం భుజం ఆనించి నిలబడతాయి. రెండో పూసలోంచి సూదిని బయటికి తెండి. మూడోది ఎక్కించి, మళ్లీ రెండోదానిలోంచి, మళ్లీ మూడోదానిలోంచి. ఇలా ఆరు. నిచ్చెనలా వస్తుంది. పైన చూస్తే ఒక్కో పూసకూ పక్కదానికీ మధ్య దారం చిన్న వంతెనలా కనబడుతుంది. మొత్తం అయిదు వంతెనలు. వచ్చే వరసలో పూసలు ఆ వంతెనల మీద కూర్చుంటాయి.

రెండో వరసకు రెండు పూసలు ఒకేసారి ఎక్కించి, సూదిని మొదటి వంతెన వదిలేసి రెండో వంతెన కిందనుంచి తీసి, ఇప్పుడు ఎక్కించిన రెండో పూసలోంచి పైకి తెండి. రెండూ పక్కపక్కన కూర్చుంటాయి. అక్కడినుంచి ఒక్కో వంతెనకు ఒక్కో పూస. వరస పూర్తయ్యేసరికి అయిదుంటాయి. పై వరసలో నాలుగు, మూడు, రెండు. చివరి వంతెన మీద ఒక్కటి. మొత్తం 21. మొదటి వంతెన మీదే రెండు పూసలు ఎక్కిస్తే వరస తగ్గదు, త్రికోణం బదులు తలుపు వస్తుంది. వరస వరసకూ లెక్కపెట్టుకోవడం అందుకే. రెండో కమ్మ కూడా ఇక్కడిదాకా అల్లి ఆగండి.

కొన పూసలోంచి దారాన్ని కొక్కెం వలయంలో దూర్చి మళ్లీ పూసలోకి, ఇలా నాలుగైదుసార్లు తిప్పండి. తర్వాత త్రికోణం అంచు పూసల్లోంచి సూదిని దింపుకుంటూ పునాది వరస మూలకు చేరండి. అక్కడినుంచి కుచ్చులు. అయిదు పూసలు ఎక్కించి, చివరి పూసను వదిలేసి, మిగతా నాలుగింటిలోంచి సూదిని పైకి తెచ్చి పునాది పూసలోకి పోనివ్వండి. ఆ వదిలేసిన పూసే తాళం, మిగతావాటిని జారిపోకుండా పట్టుకుంటుంది. పక్క పునాది పూసలోంచి కిందికి దిగి ఏడు పూసలు, తర్వాత తొమ్మిది, తొమ్మిది, ఏడు, అయిదు. దారం మరీ బిగించి లాగితే కుచ్చు ముడుచుకుపోతుంది, వదులైతే పూసల మధ్య దారం కనబడుతుంది. వేలాడదీసినప్పుడు ఊగాలి, పూసలమధ్య ఖాళీ ఉండకూడదు.

కుచ్చుల్లో పొడుగు గొట్టంపూసలు వాడాలనిపిస్తే వాటికి రెండువైపులా ఒక్కో చిన్నపూస వెయ్యండి. గొట్టంపూస అంచు కోసినది కోసినట్టే ఉంటుంది, దారాన్ని రంపంలా కోసేస్తుంది. మా పక్కింటి అమ్మాయికి చేసిచ్చిన జత పెళ్లిపందిట్లో తెగి, పూసలన్నీ పులిహోర బకెట్టు పక్కన రాలాయి.

దారం ముగించేటప్పుడు రెండు పూసల మధ్య ముడి వేసి, ఇంకో నాలుగు పూసల్లోంచి సూదిని నడిపించి అప్పుడు కత్తిరించండి. ముడి మీద జిగురు చుక్క వేస్తే మంచిదే గానీ ఇన్‌స్టంట్ గమ్ వద్దు. ఆరాక అది దారాన్ని పెళుసు చేస్తుంది, గాజుమీద తెల్లటి పొగలా పరుచుకుంటుంది కూడా. నగల జిగురు అని అడిగితే ట్యూబులో ఇస్తారు. అది సూది మొనతో పెట్టి రాత్రంతా ఆరనివ్వండి.

బరువు చూసుకోండి. నా దగ్గర చిన్న కాటా ఉంది కాబట్టి తూస్తాను. ఒక్కోటి ఆరు గ్రాములు దాటితే నేను చెయ్యను, రోజంతా పెట్టుకుంటే తమ్మె సాగుతుంది. ఈ కుచ్చులది రెండు గ్రాముల దగ్గరే ఆగుతుంది.

చివరిగా రెండు కొక్కేలనూ ఒక పెన్సిలుకు తగిలించి కిటికీకి ఎదురుగా పట్టుకోండి. పెన్సిలు తిన్నగా ఉందా అని ముందు చూసి, అప్పుడు కింది కొసలు చూడండి. పొడుగు తేడా వస్తే విప్పి మళ్లీ చెయ్యక్కర్లేదు. పొట్టిదాని కొక్కేనికీ వలయానికీ మధ్య ఒక జంప్ రింగు వెయ్యండి. నాలుగు మిల్లీమీటర్ల రింగు వేస్తే పొడుగు దాదాపు మూడు పెరుగుతుంది. ఆ మొదటి జతకు తర్వాత అదే చేశాను. మనవరాలు మళ్లీ ముట్టుకోలేదు. మా ఆవిడ పెట్టుకుంటోంది.